చిలకపచ్చ గడి

ఝాన్సీలక్ష్మి ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో కీబోర్డు నొక్కుతూ రెండో చేత్తో టీ తాగుతోంది. నరసరావుపేటలో ఎరువుల కొట్టు పైనున్న ఆ ఒంటిగది ఆఫీసులో ఆమె పొద్దు రోజూ ఇలాగే మొదలవుతుంది. లారీలు తూచే కాటాలకి ఆమె రాసిన సాఫ్ట్‌వేరు పల్నాడులో చాలాచోట్ల నడుస్తోంది. ఆమె పేరు మాత్రం ఎవరికీ తెలియదు. తెర మీద బరువు పడే గడి చిలకపచ్చగా ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ పచ్చగడి సాఫ్ట్‌వేరు అంటారు.

ఫోనులో ఉన్నది రెంటచింతల కాటా గుమస్తా వెంకటాద్రి.

"అమ్మాయ్, బరువు కనపడతల్లేదు. గడి పచ్చగా వెలుగుతంది, లోపల అంకె ఉందో లేదో దేవుడికే తెలవాలి."

"మొన్నటిదాకా బానే ఉందిగా బాబాయ్?"

"కంటి ఆపరేషను అయింది గదా. తెల్ల స్క్రీను చూస్తే నీళ్ళు కారతన్నయ్. మా మనవరాలు కంప్యూటరంతా నల్లగా మార్చింది. అన్నీ చానా బాగా కనపడతన్నయ్, నీ గడి ఒక్కటే ఏడిపిస్తంది. పొద్దున నాపరాళ్ళ లారీ బరువు తప్పు చదివా. ఇంకోసారి తప్పితే నా కుర్చీలో ఇంకోణ్ణి కూర్చోబెడతానన్నాడు ఓనరు. సాయంత్రానికి ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

ఝాన్సీలక్ష్మి తన కంప్యూటరునూ నల్ల థీములోకి మార్చి చూసింది. పచ్చ గడిలో తెల్ల అంకె, కళ్ళు చికిలించినా పట్టుబడలేదు. గడికి రంగు తానే వేసింది. అంకె రంగు మాత్రం సిస్టమ్‌కి వదిలేసింది. తెల్ల తెరల మీద సిస్టమ్ నల్ల అంకె ఇచ్చేది కాబట్టి ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. నల్ల తెర మీద అది తెల్ల అంకె ఇచ్చింది. తప్పు సిస్టమ్‌ది కాదు, తనది. సిగ్గేసింది గానీ, అంతకంటే ఎక్కువ హుషారొచ్చింది. చిక్కు ఎక్కడ పడిందో తెలిసిపోయింది మరి.

అంకెకి కూడా నలుపు అని ప్రోగ్రాములో ఒక్క లైను చేర్చి పంపింది. కాసేపటికి మళ్ళీ వెంకటాద్రి.

"అంకె కనపడతంది గానీ, ఆ పచ్చ కంట్లో గుచ్చుకుంటందమ్మాయ్."

ఆ మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఆ పచ్చ ఊరికే వచ్చింది కాదు. చదువు నాన్న చెప్పిన కాలేజీలో, పెళ్ళి మేనమామ తెచ్చిన సంబంధంతో, కాపురం అత్తగారు చూసిన వీధిలో. ఉద్యోగంలో చేరిన ఏడాది మాత్రం, గడికి ఏ రంగు వేయమంటారని అడిగితే, యజమాని రాజ్‌కుమార్ పేపరు లోంచి తలెత్తకుండానే "నీ ఇష్టమమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెతో అన్నవాడు ఆయనొక్కడే, అదీ పరధ్యానంగా. కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న చిలకపచ్చ చేతిగాజును తెరకి ఆనించి, ఎరుపు, పచ్చ, నీలం పాళ్ళు మారుస్తూ ఒక పూటంతా కూర్చుని ఆ రంగు పట్టింది. తరవాత మానిటర్లు మారాయి గానీ, వాటి మూలకి తగిలించిన ఆ గాజు మారలేదు.

ఆ గాజు వంక ఒకసారి చూసి, పచ్చ అని రాసిన లైను తీసేసింది. గడి రంగూ, అంకె రంగూ రెండూ సిస్టమ్‌నే అడిగి తెలుసుకొమ్మని ప్రోగ్రాముకి చెప్పింది. తెల్ల థీము పెట్టింది: తెల్ల గడి, నల్ల అంకె. నల్ల థీము పెట్టింది: నల్ల గడి, తెల్ల అంకె. ఇంకోటి, ఇంకోటి. ఏది పెట్టినా అంకె చక్కగా కనబడుతోంది! అన్నం క్యారేజీ పక్కకి నెట్టేసి లేచి నిలబడింది.

"రాజ్‌కుమార్ గారూ, చూడండి, చూడండి!"

ఆయన వచ్చి చూశాడు. "ఏముందమ్మా? రంగు పోయింది."

"అదే గదండీ!" అంది ఆమె, చిన్నపిల్లలా.

ఫైలు పంపి ఫోను చేసింది. అటువైపు కాటా మీదికి లారీ ఎక్కుతున్న మోత. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇరవై ఏడు వేల నాలుగొందల ముప్పై!" వెంకటాద్రి అరిచాడు. "ఒరేయ్ డ్రైవరూ, నువ్వొచ్చి చూడరా, కరెక్టేనా?"

"కరెక్టే పెద్దాయనా," అంది దూరంగా ఇంకో గొంతు.

"కుర్చీ నిలబెట్టావు తల్లీ. మరి నీ పచ్చ ఏదమ్మాయ్?"

"తీసేశా బాబాయ్. ఇక రంగు నీ ఇష్టం. సెట్టింగుల్లో నీకు ఏది కావాలంటే అది పెట్టుకో."

పచ్చ అంటాడేమోనని ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించింది.

"అయితే అంకెలకి పసుపు పెట్టిచ్చుకుంటా. పసుపైతే ఇంకా బాగా కనపడిద్ది."

ఝాన్సీలక్ష్మి పకపకా నవ్వింది. కాస్త బాధా వేసింది, అయినా నవ్వు ఆగలేదు.

సాయంత్రంలోపు మిగతా కాటాలన్నిటికీ అదే ఫైలు పంపింది. పచ్చ ఏమైందని మరెవరూ ఫోను చేయలేదు. కంప్యూటరు కట్టేసి, మూలనున్న గాజు తీసి చేతికి ఎక్కించుకోబోయింది. పట్టక వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ యథాస్థానంలో తగిలించి, ఖాళీ క్యారేజీ అందుకుని మెట్లు దిగింది.

ఆరిపోయిన తెర మూలన చిలకపచ్చ గాజు ఇంకా కొద్దిగా ఊగుతోంది.