వెర్న్ గారి చిల్లీ, వణికే కిరణం

ఇండియానాలోని ఓ ప్రయోగశాల గాలి సొరంగంలో పరిశోధక విద్యార్థిని కొరీన్‌కి ఇక మిగిలింది ఒక్క రోజే. రేపటి నుంచి అది వేరే బృందానిది. సొరంగంలో గాలి దాదాపు ధ్వని వేగంతో దూసుకుపోతుంటే, దాన్ని దాటే లేజర్ కిరణం వణికిపోతుంది. సొరంగం గోడను చల్లబరిస్తే ఆ వణుకు సగానికి తగ్గుతుందని ఆమె వాదన. ఇవాళ రుజువు కాకపోతే నాలుగేళ్ల కష్టం నీళ్లపాలే.

గోడ చల్లబడింది. వణుకు మాత్రం రవ్వంతైనా తగ్గలేదు.

"గాలి ఆపేసి ఓసారి కొలిచావా, అమ్మాయ్?" అన్నాడు వెర్న్. ముప్పై ఏళ్లుగా సొరంగాన్ని నడుపుతున్న మెకానిక్ ఆయన. లేజర్ బల్ల మీద కాఫీ కప్పు పెడితే, ఆవిరికి కిరణం చెదురుతుందని ప్రొఫెసర్లనైనా బయటికి పంపేసే మనిషి.

"సోమవారం కొలిచాను కదండీ."

"సోమవారం స్నానం చేశానని ఇవాళ మానేస్తావా?"

కొరీన్ మూతి ముడుచుకుని ఫ్యాన్ ఆపించింది. గాలి నిలిచాక కిరణం కదలకూడదు. కదులుతోంది. అంటే తప్పు సొరంగంలో లేదు, బయటే ఎక్కడో ఉంది. ఆమె కిరణం దారి వెంబడే వెతుక్కుంటూ వెళ్లింది. రెండో అద్దం దగ్గర గుప్పున జీలకర్ర వాసన తగిలింది.

చివరి పరీక్ష రోజున వెర్న్ చిల్లీ అనే కారం కూర వండడం అక్కడి ఆనవాయితీ. అద్దం కింద కరెంటు కుండలో మాంసం, బీన్స్ తాపీగా ఉడుకుతున్నాయి. ఆవిరి నేరుగా కిరణంలోకి పోతోంది.

"వెర్న్ గారూ, కప్పు పెట్టకూడదు గానీ కుండ పెట్టొచ్చాండీ?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మిగతా ప్లగ్గులన్నీ నీ చల్లార్చే యంత్రమే మింగేసింది మరి."

"పాపం, కుండకి నిలవనీడ లేకుండా చేశానన్నమాట."

ఆయన కుండను వరండాలోకి మోసుకుపోయాడు. కిరణం కుదురుకుంది. మళ్లీ ఫ్యాన్ తిరిగింది. ముందు మామూలు గోడతో కొలిచారు, తర్వాత చల్లని గోడతో. వణుకు సగానికి పైగా తగ్గింది. అంకెలు రెండుసార్లు చూసుకున్నాక కొరీన్‌కి ఏడుపు ఆగలేదు.

పాడైన పరీక్షకు కారణం సొరంగం రికార్డు పుస్తకంలో రాయాలి.

"ఉష్ణ అంతరాయం అని రాయొచ్చుగా," అని బతిమాలాడు వెర్న్.

ఆమె వినలేదు. 'వెర్న్ గారి చిల్లీ, నా బద్ధకం' అని రాసింది. ముప్పై ఏళ్లలో ఆ పుస్తకంలోకి ఆయన పేరు ఎక్కడం అదే మొదటిసారి.

వెర్న్ కళ్లజోడు తుడుచుకుని నిదానంగా చదివాడు.

"ఉప్పు సరిపోయిందని కూడా రాయి," అన్నాడు.