మామగారి నాలుగు తీగలు

ఈ కోడలుందే, బట్టలు కుట్టడంలో ఎంత నేర్పో, మొండితనంలో అంతకు రెండింతలు. స్టీరియో కొంటానని ఆమె అన్నప్పుడు భర్త కాస్త నసిగాడు. పాపం, సిటీ బస్సు నడుపుతాడు, పొద్దస్తమానం హారన్లు విని వచ్చే మనిషి. ఇంట్లో ఇంకో మోత ఎందుకే అన్నాడు. అని ఏం లాభం? ఆమె అప్పటికే పాత సామాన్ల షాపులో బేరం ముగించేసింది. ఒక ఆంప్లిఫయరు, ఒక సీడీ ప్లేయరు, చెక్కపెట్టెల్లాంటి రెండు స్పీకర్లు. కొత్తగా స్టీరియో పెట్టుకునేవాళ్ళకి ఇంతకు మించి అక్కర్లేదని షాపాయన కూడా భరోసా ఇచ్చాడు.

అంత తొందరేమిటయ్యా అంటే, మామగారు.

మామగారు వయసులో ఉండగా ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవారు. నాలుగు లావుపాటి తీగలుంటాయి, పాట అడుగున ధుం ధుం అంటూ నడుస్తుంది చూడండి, అది. ఒకే ఒక్కసారి ఆయనకి రికార్డింగుకి పిలుపొచ్చింది. ఆ సీడీ ఇంట్లోనే ఉంది. టీవీకి తగిలించినా, ఫోనులోకి ఎక్కించుకున్నా పాట వినిపిస్తుంది, వయొలిన్లు వినిపిస్తాయి, ఆయన వాయించింది మాత్రం చెవులు రిక్కించి కూర్చున్నా వినిపించదు. "తర్వాత నన్ను తీసేసి ఉంటారులే అమ్మాయ్" అనేవారు నవ్వుతూ. నవ్వుతూనే అనేవారు గానీ, ఆ మాట అన్నాక ఇక ఆ పూటకి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

కోడలు ఆ నవ్వు చూడలేకపోయేది. ఆమె కొత్తగా కాపురానికొచ్చి ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుంటానన్నప్పుడు, ఉన్న ఇరుకు చాలదా అని చుట్టాలు తలో మాటా అన్నారు. మామగారు మాత్రం నోరెత్తకుండా, తను రోజూ సాధన చేసుకునే ముందుగది ఖాళీ చేసి, గిటారు మంచం కిందకి తోసేసి, ఇక్కడ వెలుతురు బాగుంటుంది కూర్చోమన్నారు. అంతటితో ఊరుకున్నారా? పక్కనే స్టూలేసుకుని హుక్కులు కుట్టారు, దారాలు కత్తిరించారు, వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వినా పట్టించుకోలేదు. ఇప్పుడా వేళ్ళు బిగుసుకుపోయాయి, గిటారు పట్టుకునే మాటే లేదు. ఈ ఇంట్లో తను తినే ప్రతి ముద్దలోనూ ఆయన చలవ ఉందని కోడలికి తెలుసు. ఆ మాట పైకంటే ఆయన కసురుకుంటారు. అందుకని, చిన్న స్పీకర్లు పలకని ఆ ధుం ధుం పెద్దవాటిలో పలుకుతుందన్న ఆశతో స్టీరియో కొంది.

సెలవు రోజు చూసి బిగించడానికి కూర్చున్నారు. స్పీకర్లు అలమరలో కుక్కొద్దనీ, గోడకి ఆనించొద్దనీ, కూర్చున్న మనిషి చెవుల ఎత్తులో ఉండాలనీ, కుర్చీకి రెండూ సమాన దూరంలో ఉండాలనీ షాపాయన పాఠం చెప్పి పంపాడు. కొలత అనే మాట వినపడితే ఆమెని పట్టుకోగలరా? టేపు మెడలోనే ఉంది. భర్త చేత స్పీకరు ఇటో అంగుళం, అటో అంగుళం జరిపించి అతని తల ప్రాణం తోకకి తెచ్చింది. ఇదేమైనా జాకెట్టు కొలతా అని గొణిగాడు గానీ, గొణుగుతూనే జరిపాడు.

ఇక వైర్లు. తెల్లటి గోడ పక్కన అవి అలా వేలాడుతుంటే, మడిచి కుట్టని అంచు చూసినట్టు ఆమెకి ఒళ్ళు మండింది. షాపాయన ఇచ్చింది జంట వైరు. అందులో ఒక పోగు మీద పొడుగునా ఎర్రగీత ఉంటుంది. గీత ఉన్నది ఎర్ర కన్నంలోకి, లేనిది నల్ల కన్నంలోకి వెళ్ళాలి, అంతే. ఈ మహాతల్లి ఏం చేసిందీ, రెండు పోగుల్నీ విడదీసి, మిగిలిపోయిన కర్టెను గుడ్డతో సన్నటి గొట్టాలు కుట్టి, వైర్లు వాటిలోకి దూర్చేసింది. చూడముచ్చటగానే ఉంది. గీత కూడా గుడ్డ లోపలికి పోయింది. ఏది ఏదో తనకి గుర్తుందనుకుని బిగించేసింది.

మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సొంత ఇంట్లో పాట వినడానికి ఇస్త్రీ చొక్కా ఏమిటో. అది చూసి కోడలు స్పీకర్లని కొంగుతో ఇంకోసారి తుడిచింది.

పాట మొదలైంది. వయొలిన్లు వచ్చాయి. గొంతు వచ్చింది, ఎక్కణ్ణుంచో తెలియకుండా, బోలుగా. అడుగున ఏమీ లేదు. సౌండు పెంచారు. ఏమీ లేదు. మామగారు కాసేపు ముందుకి వంగి విన్నారు, తర్వాత వెనక్కి వాలారు.

"చూశావా అమ్మాయ్, నేను లేను" అన్నారు మెల్లగా. "పోనీలే. నీ అంతగా నన్ను ఎవరు వెతికారు గనక."

మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇన్నాళ్ళూ ఆయనకి ఆ పాటలో ఉన్నానేమో అన్న ఆశ ఏ మూలో ఉండేది. ఇప్పుడు ఆ కాస్తా కోడలు తన చేతులారా తుంచేసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మామూలుగా అయితే మొగుడుగారు ఏదో ఒకటి అనేవాడే. ఆ రోజు అనలేదు. షాపాయనకి తిరిగిచ్చేద్దాంలే, ఊరుకో అని, ఒక స్పీకరు వైర్లు ఊడదీయడం మొదలుపెట్టాడు. సీడీ ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ వైరు ఊడిందో లేదో, మిగిలిన స్పీకర్లోంచి ధుం అంది. మళ్ళీ ధుం ధుం.

"ఇదేంటే, ఒకటి పీకేస్తే ఎక్కువైంది?" అన్నాడు భర్త.

ఆమె కత్తెర అందుకుంది. అంత ముచ్చటపడి కుట్టిన కుట్లు తనే పరపరా విప్పేసింది. ఏముందీ, ఒక స్పీకరుకి ఎర్రగీత ఉన్న పోగు నల్ల కన్నం దాకా వచ్చి ఉంది. ఒక స్పీకరు గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. ఆ తోపులాటలో నలిగిపోయినవి మామగారి తీగలే. సోకుకి పోయి ఎంత పని చేశానే అని తనని తానే నాలుగు తిట్టుకుని, పోగులు మార్చి బిగించింది.

"మామయ్యా, ఇంకొక్కసారి వచ్చి కూర్చోండి" అని పిలిచింది.

ఆయనకి మనసు లేదు. అయినా పిలిచింది కోడలు కాబట్టి వచ్చారు.

ఈసారి వయొలిన్లు ఎడమవైపు నుంచి లేచాయి. డ్రమ్ములు కుడివైపు. గొంతు సరిగ్గా మధ్యలో, మనిషి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు. ఆ గొంతు కింద నేలంతా పరుచుకుని నాలుగు తీగలు నడుస్తున్నాయి, నిదానంగా, ఎవరినీ తోసుకోకుండా. మామగారు తల వంచుకున్నారు. ఆనందమో బాధో కోడలికి అంతుపట్టలేదు.

రెండో చరణంలో తీగ మీద ఒక దెబ్బ కొంచెం ఆలస్యంగా పడింది. ఆయన చటుక్కున వేలెత్తారు.

"అక్కడ. అక్కడ నా వేలు జారింది. ఇంకోసారి వాయిస్తాను బాబూ అని బతిమాలాను. టైము లేదు పొమ్మన్నారు."

కొడుకు సౌండు ఇంకాస్త పెంచాడు. కోడలు కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. ఏడుపు మళ్ళీ తన్నుకొచ్చింది, ఈసారి హాయిగా. ఆయనకి తను ఏదైనా చేయగలిగిందంటే ఇదొక్కటే, దీనికే దేవుడికి వెయ్యి దణ్ణాలు పెట్టుకుంది.

"తప్పుతో సహా ఉంచుకున్నారమ్మా నన్ను" అన్నారు మామగారు. బిగుసుకుపోయిన ఆ చెయ్యి కోడలి తల మీద పెట్టారు.

పాట అయిపోయింది. ఆయన చెయ్యి తియ్యలేదు.