పిలుపు లేని పండుగ

దేసంక చేతులు ఇంకా పూర్తిగా పిండిలో దిగనేలేదు, కోడలు తియానా వచ్చి గిన్నె లాగేసుకుంది.

“మీరు కూర్చోండి అత్తయ్యా. నేను కలుపుతాగా.”

“కూర్చోక నాకింకేం పనుందే? నిన్నా కూర్చున్నాను, మొన్నా కూర్చున్నాను. ఇంకొన్నాళ్లిలాగే కూర్చుంటే నన్నూ కుర్చీనీ కలిపి మోసుకెళ్లాలి మీరు.”

“అలిసిపోకూడదని డాక్టరు గారు చెప్పారు కదా.”

“ఆ డాక్టరుకి పండుగ రొట్టె కలపడం వచ్చా? రాదు. నాకొచ్చు. గిన్నె ఇటివ్వు.”

తియానా ఇవ్వలేదు. నవ్వింది. ఈ మధ్య ఇంట్లో అందరూ అదే నవ్వు నవ్వుతున్నారు. చంటిపిల్ల చేతిలోంచి కత్తెర తీసుకునేటప్పుడు నవ్వే నవ్వు అది. చూసినప్పుడల్లా దేసంకకు ఒళ్లు మండిపోతోంది.

వేసవిలో పెద్దపేగుకు ఆపరేషన్ చేశారు. అప్పట్నించీ కీమో. జుట్టు పల్చబడి తలకు గుడ్డ కట్టుకోవాల్సి వచ్చింది, అన్నం నోటికి ఇనుము రుచి కొట్టింది, సరే, పోనీ అనుకుంది. వేళ్ల బాధ మాత్రం ఆమెను వదల్లేదు. చల్లటిదేది తగిలినా కరెంటు కొట్టినట్టు జిల్లుమనేవి. ఫ్రిజ్ తలుపు ముట్టుకోవాలన్నా భయమే. గోరువెచ్చటి పిండి ఒక్కటే ఆ వేళ్లకు హాయి, అదీ కాస్తా కోడలు లాగేసుకుంది.

రేపు స్లావా. మొరావా నది ఒడ్డున ఆ చిన్న ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక ఇలవేల్పు, ఆ వేల్పుకు ఏడాదికొక రోజు. దేసంక అత్తవారింటి వేల్పు ప్రధానదూత మిఖాయిల్. ఆ రోజు ఇంటివాళ్లు కూర్చోరు. తెల్లారి దీపం పెట్టింది మొదలు ఆఖరి అతిథి గడప దాటేదాకా నిలబడి వడ్డిస్తారు. కొత్తకోడలిగా వచ్చినప్పట్నించీ దేసంక ఒక్క ఏడు కూడా కూర్చోలేదు. ఈ ఏడూ నిలబడాలి. అంతకుమించి ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. వచ్చే ఏడు ఉంటానో లేదో అన్న మాట మాత్రం పైకి అనలేదు.

మధ్యాహ్నం కొడుకు నెబోయ్‌షా పైఅంతస్తులోంచి దిగి వచ్చాడు. కొడుకూ కోడలూ ఉండేది పైనే. పొయ్యి పక్కన తండ్రి రాదిసావ్ కట్టెలు సర్దుతున్నాడు. నెబోయ్‌షా తల్లి ముందు కాకుండా తండ్రి ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. అప్పుడే దేసంకకు అనుమానం వచ్చింది.

“ఈ ఏడు జనం వద్దు నాన్నా. దీపం పెడదాం, రొట్టె కోద్దాం, ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి వెళ్తారు. అందరికీ ఫోన్ చేసి చెప్పేశాను.”

“ఏమని చెప్పావు?”

“రావద్దని.”

“ఏరా, స్లావాకి మనం ఎవర్నైనా పిలుస్తామా?”

“పిలవం.”

“ఎందుకు పిలవం?”

“వచ్చేవాళ్లు వాళ్లే వస్తారు కాబట్టి.”

“మరి పిలవనివాళ్లని రావద్దని ఎలా అన్నావురా? ఏ నోటితో అన్నావు? మీ తాత యుద్ధంలో కూడా తలుపు మూయలేదు!”

“నీ తెల్లకణాలు పడిపోయాయమ్మా. ఎవడైనా ఒక్కడు తుమ్మితే చాలు, ఆసుపత్రిలో పడతావు.”

అది నిజమే. నిజమని తెలియబట్టే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. “అయితే మళ్లీ ఫోన్ చెయ్యి. కిటికీలు తెరిచి పెడతాను, దూరంగా నిలబడతాను. రమ్మను.”

“స్లావాకి పిలవకూడదు కదమ్మా. నువ్వే అన్నావు.”

“వాడన్నది సబబే, దేసా,” అన్నాడు రాదిసావ్ కట్టెల దగ్గర్నుంచి.

“నువ్వు నోరు తెరిచేదే ఏడాదికోసారి. అదీ నా ఖర్మకొద్దీ అటువైపే తెరుస్తావు!”

ఆమె విసవిసా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అక్కడైనా ప్రశాంతత ఉందా అంటే, అక్కడ ఆడబిడ్డ ఒబ్రెనియా కూర్చుని ఉంది. చేతిలో బీట్‌రూట్ రసం సీసా, ఒళ్లో మఠం నుంచి తెచ్చిన నూనె, ఇంకో కొత్త సాధువు పటం. మంచం పక్క బల్ల మీద అప్పటికే సాధువులు కిక్కిరిసిపోయి మాత్రల డబ్బాకు చోటు లేదు.

“ధైర్యంగా ఉండాలి వదినా. నవ్వుతూ ఉండాలి. ఏడిస్తే రోగం ముదురుతుందట.”

“నేనెక్కడ ఏడిచాను? నన్ను ఏడవనిస్తేగా!”

“అదుగో, కోపం కూడా మంచిది కాదట.”

“ఒబ్రెనియా, నీకు పుణ్యం ఉంటుంది, ఆ రసం నువ్వే తాగేసి ఇంటికెళ్లు.”

ఆమె వెళ్లాక దేసంక తూర్పు గోడ మీది పాత పటం వంక చూసింది. కత్తి పట్టుకున్న మిఖాయిల్. చనిపోయేవాళ్ల ప్రాణం తీసుకుపోవడానికి వచ్చేది ఆయనే అంటారు ఆ ఊళ్లో. దేసంకకు ఆయన దగ్గర మొహమాటం లేదు. “ఎప్పుడో వస్తావు, నాకు తెలుసు,” అంది పటంతో. “వచ్చేవాడివి ముందు నీ పండుగ జరిపించుకుని పో. నీ ఇంట్లో నీ పండుగ ఎత్తేస్తుంటే కత్తి పట్టుకుని ఊరికే చూస్తావేం?” తిట్టాక గుండె కాస్త తేలికపడింది. ఆడబిడ్డ తెచ్చిన నూనెకన్నా అదే బాగా పనిచేసింది. కళ్లు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చింది వాసనకు. ఉడికిన గోధుమల వాసన.

ఒక్క క్షణం ఆమెకు ఏ రోజో తెలియలేదు. ఆ ఇంట్లో గోధుమలు ఉడికేది చావుకే. తక్కిన ఇళ్లలో స్లావాకు గోధుమలు ఉడికించి, అక్రోటు పప్పూ చక్కెరా కలిపి ప్రసాదం చేస్తారు. మిఖాయిల్ వేల్పుగా ఉన్న ఇళ్లలో చెయ్యరు. తక్కిన వేల్పులు చనిపోయిన సాధువులు, ఆయన దేవదూత, చావు లేనివాడు. బతికున్నవాడికి గోధుమలు ఎవరు వండుతారు? గోధుమల గిన్నె చివరిసారి పొయ్యి ఎక్కింది అత్తగారు పోయిన నలభయ్యో రోజున.

దేసంక గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతోంది. మూత తీసింది. గోధుమలే.

“ఎవరికే ఇవి?”

తియానా అక్రోట్లు దంచుతూ సంబరంగా తిరిగింది. “మీకే అత్తయ్యా!”

దేసంక గరిటె అందుకుంది. “నాకా? అప్పుడే వండేస్తున్నావా నా దినానికి? కాస్త ఆగలేవూ, ఇంకా ఊపిరుంది కదే!”

“అయ్యో, అదేంటి అత్తయ్యా! రొట్టె కలపనివ్వలేదని కోపంగా ఉన్నారు కదా, ప్రసాదమైనా చేద్దామని... మా అమ్మావాళ్లింట్లో వాళ్ల వేల్పు నికోలా పండుగకి ప్రతి ఏడూ చేస్తాం...”

“ఇది మీ అమ్మావాళ్లిల్లు కాదు! ఈ ఇంటి వేల్పు చావలేదు, నేనూ చావలేదు! నెబోయ్‌షా! ఒరేయ్ నెబోయ్‌షా!”

కొడుకు మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు. కోడలు ఏడుస్తోంది, తల్లి గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

“స్కానింగ్‌లో ఏం వచ్చిందో చెప్పు,” అంది దేసంక. “మొన్న డాక్టరు నిన్ను వరండాలోకి తీసుకెళ్లి ఏం చెప్పాడు? వచ్చి నాతో అంతా బాగుందన్నావు. బాగుంటే మీ ఆవిడ గోధుమలు ఎందుకు వండుతోంది?”

“దానికి తెలీక చేసిందమ్మా! గోధుమలకీ స్కానింగ్‌కీ ఏం సంబంధం?” అని అరిచాడు నెబోయ్‌షా. అరిచి ఆగిపోయాడు. ఆగిన తీరులోనే ఉంది జవాబంతా.

రాదిసావ్ వచ్చి పొయ్యి మీంచి గిన్నె దింపాడు.

“కాలేయం మీద మచ్చ కనిపించింది,” అన్నాడు నెబోయ్‌షా నేల చూస్తూ. “ఈ మందు ఆపలేకపోతోందట. సోమవారం నుంచి వేరేది మొదలుపెడతారు. ఇంకా గట్టిది. పండుగ అయ్యాక చెబుదామనుకున్నానమ్మా.”

“ఏ పండుగ? నువ్వు రద్దు చేసిందా?”

దేసంకకు వాణ్ని కొట్టాలనిపించింది, దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. రెంటికీ శక్తి లేదు. భయం ఈసారి నిజంగానే వచ్చింది. దాన్ని తరమడానికి ఏదో ఒకటి చెయ్యాలి, చేతులకు పని కావాలి.

“తియానా, ఏడుపు ఆపు. నువ్వు తప్పు చెయ్యలేదు, ఈ ఇంట్లో నీకిదే మొదటి స్లావా, నీకెవరూ చెప్పలేదు, అంతే. ఈ ఇంట్లో చెప్పడం అనేది లేదుగా! ఆ గోధుమలు కోళ్లకు వెయ్యి. పిండి గిన్నె ఇటు తే. ఈసారి లాక్కున్నావో, గరిటె తిరగేస్తాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె పిండి పిసికింది, మధ్యమధ్య ఆగి రొప్పింది, మళ్లీ పిసికింది. రొట్టె మీద సిలువా ద్రాక్షగుత్తీ పిండితోనే దిద్దింది. ద్రాక్షలు వంకరగా వచ్చాయి. వేళ్లకు పట్టు లేదు మరి.

మర్నాడు పొద్దున్నే ఫాదర్ మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి, ప్రార్థన చేసి, రాదిసావ్‌తో కలిసి రొట్టె తిప్పి, దాని మీద వైన్ పోసి, కోసి వెళ్లిపోయాడు. మైనపుదీపం వెలుగుతోంది. బల్ల మీద పుల్లక్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన సర్మా, కాల్చిన పందిమాంసం, ప్లమ్ సారా. బల్ల చుట్టూ ఒక్క మనిషి లేడు. ఎదురింటివాళ్లు కిటికీ తెర తొలగించి చూసి మళ్లీ వేసుకున్నారు. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు, రావద్దన్నాక!

దేసంక మంచి గౌను వేసుకుని, తలగుడ్డ బిగించి, పళ్లెం పట్టుకుని నిలబడింది. ఎవరికి పెట్టాలి? సర్మా మీద ఆవిరి తగ్గిపోతోంది. చూసి చూసి ఆమెకు తిక్క రేగింది.

“మీరిద్దరూ బయటికి నడవండి,” అంది కొడుకునీ కోడల్నీ చూసి.

“ఎక్కడికమ్మా?”

“గేటు అవతలికి. కోట్లు వేసుకోండి. చేత్తో ఏదైనా పట్టుకుని, తలుపు కొట్టి, అతిథుల్లా రండి. వచ్చేవాళ్లని రాకుండా చేశావుగా, వాళ్ల బదులు నువ్వే రా.”

“ఇది మన ఇల్లేనమ్మా! ఎవరైనా చూస్తే నవ్వుతారు!”

“నవ్వనీ! ఈ ఇంట్లో ఎవరో ఒకళ్లు నిజంగా నవ్వి ఎన్నాళ్లయింది?”

రాదిసావ్ వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు. ఈసారి ఆయన ఇటువైపు ఉన్నాడు. ఇద్దరూ చలిలోకి వెళ్లారు. కాసేపటికి తలుపు చప్పుడైంది. తియానా చేతిలో కాఫీ పొట్లం, నెబోయ్‌షా చేతిలో వైన్ సీసా, ఇద్దరి మొహాలూ సిగ్గుతో ఎర్రబడి ఉన్నాయి.

“మీ వేల్పు మిమ్మల్ని చల్లగా చూడాలి, ఇంటాయనా,” అన్నాడు నెబోయ్‌షా. రాదిసావ్ ఆచారం ప్రకారం బుగ్గల మీద మూడుసార్లు ముద్దుపెట్టి లోపలికి తీసుకొచ్చాడు.

దేసంక సారా గ్లాసులున్న పళ్లెం ముందుకు చాపింది. గ్లాసు తీసుకున్న అతిథి ఒక మాట అనాలి. ఆ మాట అనకుండా ఎవరూ తాగరు. తియానా గ్లాసు ఎత్తి, “వచ్చే ఏడు కూడా అందరం ఈ బల్ల దగ్గరే కలవాలి” అంది.

నెబోయ్‌షా గ్లాసు తీసుకున్నాడు. తాగకుండానే తిరిగి పళ్లెంలో పెట్టబోయాడు.

“ఆ మాట అననివాడికి నా ఇంట్లో విందు లేదు,” అంది దేసంక.

“అబద్ధం చెప్పమంటావా అమ్మా?”

“అది అబద్ధమని నీకెవరు చెప్పారు? నీకు తెలీదు, నాకు తెలీదు, ఆ డాక్టరుకీ తెలీదు. అతిథిని జాతకం అడగలేదురా, కోరిక అడిగాను. నీకా కోరిక ఉందా లేదా?”

“ఉంది.”

“అయితే అను.”

పళ్లెంలో గ్లాసులు గలగలమంటున్నాయి. తియానా అలవాటుగా చెయ్యి చాపింది, మళ్లీ తనే వెనక్కి తీసుకుంది.

“వచ్చే ఏడు కూడా,” అన్నాడు నెబోయ్‌షా. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. “వచ్చే ఏడు కూడా, అమ్మా, ఈ బల్ల దగ్గరే. నువ్వే వడ్డించాలి. నాకు భయంగా ఉందమ్మా.”

“నాకూ ఉందిరా. ఆ గదిలో సాధువుల మధ్య ఒక్కదాన్నీ పడుకుని భయపడీ భయపడీ విసుగెత్తిపోయాను. భయపడేదేదో ఇక్కడే, మీ అందరి మధ్యా భయపడతాను. సోమవారం డాక్టరు వరండాలోకి పిలిస్తే నేను వెళ్తాను. నువ్వు పక్కన నిలబడు, చాలు.” పళ్లెం బల్ల మీద పెట్టి, అతనికి కుర్చీ లాగింది. “కూర్చో. అతిథి నిలబడితే ఇంటికి మర్యాద కాదు.”