బంతి వచ్చే చోటు

తెనాలి నుంచి వచ్చిన నిక్కరుకి మట్టి లేదు. సామ్రాజ్యం దాన్ని బోరింగు పక్కన బండ మీద పరిచి, సబ్బు చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. వెనకవైపు కాస్త దుమ్ముంది, గట్టు మీద కూర్చుంటే అంటుకునేంత. ముసుర్లు పట్టిన ఈ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడొచ్చిన పిల్ల నిక్కరు ఇలా ఉంటుందా? మొన్నమొన్నటిదాకా రేపల్లె హైస్కూలు గ్రౌండు నుంచి వచ్చే బట్టలు పూటంతా నానేస్తే తప్ప ఆ నల్లబురద వదిలేది కాదు. బ్రష్షుతో తోమి తోమి బొటనవేలి దగ్గర చర్మం లేచిపోయేది. ఇప్పుడు పని తగ్గింది. సంతోషించాల్సిందే. ఆమెకి మాత్రం మనసు చివుక్కుమంది.

జేబులో చెయ్యి పెడితే జడక్లిప్పులు వచ్చాయి, తలోరకానివి. అవేవీ దుర్గవి కావు.

దుర్గ, అంటే కనకదుర్గ, పదకొండేళ్ళ పిల్ల. ఆ ఏడు టీవీలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు చూసిందో లేదో, బడిలో మగపిల్లల వెంటపడి బంతి తన్నడం మొదలుపెట్టింది. డ్రిల్లు మాస్టారు యోబు గారు కాదనకుండా చిన్నపిల్లల బ్యాచ్‌లో వేసుకున్నారు. భర్త పున్నారావు పాత ప్యాంటు కత్తిరించి సామ్రాజ్యమే నిక్కరు కుట్టింది. "మగపిల్లల్తో ఆ ఎగురుడేంటే? రేపు పెళ్ళి చెయ్యాల్సిన పిల్ల" అని అత్తగారు కోటేశ్వరమ్మ రోజూ గొణుగుతూనే ఉండేది. పదకొండేళ్ళ పిల్ల గురించండీ ఈ గొడవంతా!

ఇంతలో తెనాలిలో ఆడపిల్లల జట్టు కడుతున్నారని పున్నారావుకి ఆఫీసులో తెలిసింది. అందులో ఉన్నవాళ్ళంతా ఇంటరు, డిగ్రీ చదివే అమ్మాయిలు. మనుషులు చాలక ఎవరొచ్చినా చేర్చుకుంటున్నారు. పున్నారావు ఎగిరి గంతేశాడు. "పైజట్టు, సామ్రాజ్యం! ఆడపిల్లల్లో పోటీ ఎక్కడేడ్చింది? నాలుగేళ్ళు జట్టులో పేరుంటే చాలు, స్పోర్ట్స్ కోటాలో ఇంజనీరింగు సీటు మన గుమ్మంలోకొస్తుంది" అన్నాడు. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం పిల్లని ప్యాసింజర్లో తెనాలి తీసుకెళ్ళి, గ్రౌండులో దించి, తను అక్కగారింట్లో కూర్చుని, సాయంత్రానికి తీసుకొస్తున్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. తిరుగుబండిలో పిల్ల నిద్రపోతే తల ఒళ్ళో పెట్టుకుని, కాలు తిమ్మిరెక్కినా కదలని తండ్రి. పిల్ల ఆడుతోందా లేదా అని ఒక్కసారి నిలబడి చూడాలని మాత్రం ఆయనకి తోచలేదు.

సాయంత్రం జడ వేస్తూ సామ్రాజ్యం మెల్లగా కదిపింది. "నిన్న ఆడావా?"

"జట్టులో ఉన్నాగా అమ్మా."

"ఉన్నావులే. ఆడావా?"

దుర్గ రిబ్బను కొస వేలికి చుట్టుకుంది. "బంతి బయటికి పోతే నేనే పరిగెత్తి తెస్తా. అక్కావాళ్ళు ఆడేటప్పుడు క్లిప్పులు నాకిస్తారు. అయ్యో, నిన్న ఇచ్చెయ్యడం మర్చిపోయా! అక్కావాళ్ళు మంచోళ్ళే అమ్మా. నేను తగిలితే పడిపోతానని రానివ్వరు."

ఫిర్యాదు లేదు ఆ గొంతులో. అదే సామ్రాజ్యాన్ని కోసేసింది. సర్దుకుపోయే గొంతది. పదకొండేళ్ళకే దీనికెక్కణ్ణుంచి వచ్చిందిది? ఎక్కణ్ణుంచో ఏంటి, తన దగ్గర్నుంచే. అమృతలూరు బళ్ళో మూడో తరగతి కాగానే తనకి డబుల్ ప్రమోషన్ ఇచ్చారు. నాలుగు దాటించి ఐదులో కూర్చోబెట్టారు. నాన్న వీధంతా బూందీ పంచాడు. తన ప్రాణమంతా పాత తరగతిలో, మంగతాయారు పక్కన చోటులో ఉందని ఎవరికీ తెలీదు. ఐదులో చివరి బల్ల, చుట్టూ తలెత్తి చూడాల్సినంత పొడుగు పిల్లలు. భిన్నాలు అర్థం కాక చెయ్యెత్తితే, "డబుల్ ప్రమోషన్ పిల్లకి ఇది కూడా రాదా!" అని మాస్టారు నవ్వాడు. క్లాసంతా నవ్వింది. దించిన చెయ్యి మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత జీవితంలో అన్నీ డబుల్ ప్రమోషన్లే. పది ముందే అయిపోయింది కాబట్టి పెళ్ళి ముందే అయిపోయింది. ఇంటినిండా జనమున్న అత్తారింట్లో మొదటిరోజే అన్నం ముద్దయితే, "పది పాసయిందంట, ఎసరు పెట్టడం రాదు" అని అత్తగారు పక్కింటికి వినబడేలా అంది. అప్పుడూ చెయ్యెత్తలేదు. రాదు, నేర్పండి అని అడగాలని కూడా తోచలేదు. అందరి వెనకా నిలబడి, పడిపోయినవి అందిస్తూ, ఎవరి వస్తువులు వాళ్ళకి జాగ్రత్త చేస్తూ ఇన్నేళ్ళు గడిపేసింది. అది మంచితనమనే అందరూ అన్నారు. తనూ అనుకుంది.

రాత్రి అన్నం వడ్డిస్తూ భర్త చెవిన వేసింది. "ఏమండీ, దాన్ని అక్కడ ఆడనివ్వట్లేదంట. మళ్ళీ యోబు మాస్టారి దగ్గరే..."

"చిన్నపిల్లల్తో ఎంత ఆడితే ఏం లాభం? ఎవడిస్తాడు సర్టిఫికెట్? పెద్దవాళ్ళని చూస్తే అదే వస్తుంది. ఇవన్నీ నీకేం తెలుసు, కాస్త పప్పు వెయ్యి."

"మగపిల్లల్తో గంతులు మానింది, అదే పదివేలు" అంది కోటేశ్వరమ్మ. సామ్రాజ్యం పప్పు వేసింది.

ఆ వచ్చే ఆదివారం పున్నారావు ఆఫీసువాళ్ళ పెళ్ళికి పొన్నూరు వెళ్ళాల్సొచ్చింది. "నువ్వే తీసుకెళ్ళు. గ్రౌండులో దించి అక్కావాళ్ళింట్లో కూర్చో" అన్నాడు. రేపల్లెలో బయల్దేరే బండి కాబట్టి ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద ఉంది. దుర్గ అలవాటుగా కిటికీ పక్క చోటు చూసుకుంటోంది. సామ్రాజ్యం మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది.

"దుర్గా, దిగు. ఒక మాట. నీకు ఎక్కడ ఆడాలనుంది?"

దుర్గ వింతగా చూసింది. "నాన్న ఏమంటారో..."

"నాన్న సంగతి తర్వాత. నిన్నడుగుతున్నా."

పిల్ల చెప్పుల వంక చూసుకుంది. తప్పు ఒప్పుకుంటున్నట్టు, "యోబు మాస్టారి దగ్గరమ్మా. అక్కడ నా దగ్గరికి బంతి వస్తుంది" అంది. అని ఏడ్చేసింది. సామ్రాజ్యం పిల్లని పొట్టకి హత్తుకుంది. బండి కూతపెట్టి వెళ్ళిపోయింది.

యోబు మాస్టారు చర్చి నుంచి సరాసరి గ్రౌండుకొచ్చి తెల్లప్యాంటు పైకి మడుచుకుంటున్నారు. విషయం విని నసిగారు. "పైజట్టు నుంచి కిందికి దించారని పున్నారావు గారు ఏమన్నా అనుకుంటారేమోనండి."

"కిందికి కాదు మాస్టారూ. అది ఆడే చోటికి తెచ్చాను" అంది సామ్రాజ్యం.

గట్టు మీద కూర్చుంది. చేతిలో చాట లేదు, గరిటె లేదు, ఎవరి క్లిప్పులూ లేవు. దుర్గ బురదలో జారి పడింది, లేచింది, ఒక బక్కపిల్లాడి కాళ్ళ మధ్య నుంచి బంతి లాక్కుని అరుస్తూ పరిగెత్తింది. గోలు ముందుకెళ్ళి ఆకాశంలోకి తన్నింది. పిల్లలంతా పడీపడీ నవ్వారు, దుర్గ అందరికంటే ఎక్కువ నవ్వింది. పెద్దగా నవ్వుతున్న ఆడగొంతొకటి వినబడి సామ్రాజ్యం చుట్టూ చూసింది. అది తనదే. మరి నీకెక్కడ ఆడాలనుంది సామ్రాజ్యం, అని లోపల ఎవరో అడిగినట్టయింది. ప్రశ్న వచ్చినందుకే బాగుంది.

పున్నారావు పెళ్ళినుంచి వచ్చేసరికి కోటేశ్వరమ్మ వీధిగుమ్మంలోనే కబురందించింది. ఆయన తాంబూలం సంచీతోనే పెరట్లోకొచ్చాడు. బండ మీద నిక్కరు, చొక్కా నల్లగా ముద్దయి ఉన్నాయి. సామ్రాజ్యం బ్రష్షు పెట్టి తోముతోంది.

"ఎవర్నడిగి మాన్పించావు?"

"దుర్గని."

"దాన్నడిగేదేంటి? చిన్నపిల్ల."

సామ్రాజ్యం బ్రష్షు పక్కన పెట్టి లేచి నిలబడింది. మోచేతుల దాకా నురగ, బురద.

"చిన్నపిల్లేనండి. నన్ను ఐదో తరగతిలో కూర్చోబెట్టినప్పుడు నేనూ చిన్నపిల్లనే. అప్పుడెవరైనా నన్నడిగుంటే, ఈ ఇంట్లో ఒక మాట చెప్పడానికి నాకిన్నేళ్ళు పట్టేది కాదు."