మందు ఎక్కడుందో చెప్పే యంత్రం

నేను ఒక సర్వర్‌ని. హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే సర్వర్‌ని కాదు గాని, చేసే పని మాత్రం ఇంచుమించు అదే. ఎవరో ఎక్కడో ఫోనులో ఒక పేజీ కావాలని అడుగుతారు. నేను లోపల వెతికి, క్షణంలో వడ్డించి పంపుతాను. నన్ను ఏదో ఫ్యాక్టరీలో బిగించారు, అట్టపెట్టెలో లారీ ఎక్కించారు. మొదట ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు కొని, హాజరు పట్టీలు లెక్కపెట్టించారు. కాలేజీ మూతపడ్డాక ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను అడిగి తెచ్చుకుంది. ఉత్తరాంధ్రలో, కొండల కింద ఒక చిన్న పట్నంలో వాళ్ల మందుల గోదాము ఉంది. అక్కడ నాకు అసలైన పని దొరికింది.

ఆ చుట్టుపక్కల కొండవాలు ఊళ్లలో ఆ సంస్థవి పదిహేడు ఆరోగ్య కేంద్రాలు. వానాకాలం నాట్లు మొదలైతే పాముకాట్లూ మొదలవుతాయి. కాటుకి విరుగుడు మందు అన్ని కేంద్రాల్లో ఎప్పుడూ ఉండదు. ఏ కేంద్రంలో ఎన్ని సీసాలున్నాయో నా పేజీలో కనిపిస్తుంది. నర్సులు రోజూ మధ్యాహ్నం సీసాలు లెక్కపెట్టి అంకె పంపుతారు. జీపు డ్రైవరు ఆ పేజీ చూసి ఎటు తిప్పాలో తేల్చుకుంటాడు. గొప్పలు చెప్పుకోవడం కాదు గాని, మొదటి మూడేళ్లలో నేను ఒక్క రోజు కూడా పని ఎగ్గొట్టలేదు. అలా చెప్పుకోగల మనుషులు ఆ గోదాములో లేరు.

నన్ను చూసుకునేది గొర్లె హైమావతి. గోదాములో స్టాకు గుమాస్తాగా చేరింది. నా సంగతులు పుస్తకాలు చదివి, తప్పులు చేసి, దిద్దుకొని నేర్చుకుంది. ఆమెకు ఒక అలవాటుంది. నేను ఏం చేసినా లోపల ఒక చిట్టాలో రాసుకుంటాను: ఎవరు అడిగారు, ఏం పంపాను, ఎక్కడ తడబడ్డాను. ఆ చిట్టాను హైమావతి పొద్దున్నే టీ తాగుతూ, కొందరు పేపరు చదివినట్టు చదివేది.

నాలుగో ఏడు జూలైలో ఆమె తల్లికి కంటి ఆపరేషను అయింది. ఎనిమిది రోజులు సెలవు పెట్టింది. సరిగ్గా అప్పుడే పైవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. నర్సులు అంకె మాత్రమే పంపితే నమ్మకం ఏమిటి? మందుల రిజిస్టరు ఫొటో కూడా పంపాలి. ఫొటోలను చిన్నవి చేసి దాచడం నాకు రాదు. అలాంటి కొత్త పని రావాలంటే మాడ్యూల్ అని ఒక చిన్న ప్రోగ్రామును నాకు జోడించాలి. దానికి నగరం నుంచి కిరీటి అనే కుర్ర ఇంజనీరును పిలిపించారు.

కిరీటి చెడ్డవాడు కాదు. తొందరమనిషి. మాడ్యూల్ ఎక్కిస్తుంటే నేను ఎర్ర అక్షరాల్లో చెప్పాను: ఇది నా తరానికి తయారైంది కాదు, నాకంటే కొత్త యంత్రాలకు చేసింది, నాలో ఉన్న పాత భాగాలతో ఇది కుదరదు అని. అతను ఆ అక్షరాలను వేలితో పైకి తోసేసి, ఎలాగైనా ఎక్కించమని ఆజ్ఞ ఇచ్చాడు. యజమాని గట్టిగా చెబితే మాలాంటివాళ్లం కాదనలేం. ఎక్కించుకున్నాను.

చిన్న ఫొటోలు వచ్చినంతసేపు బాగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం గుమ్మగెడ్డ కేంద్రం నుంచి చాలా పెద్ద ఫొటో వచ్చింది. అక్కడి నర్సు సవర ఎస్తేరు కొత్త ఫోను కొనుక్కుంది. దానితో తీసిన ఫొటోలో రిజిస్టరు కాగితం మీది నూలుపోగు కూడా కనిపిస్తుంది. దాన్ని చిన్నది చేయబోయి మాడ్యూల్ కుప్పకూలింది, దానితో పాటు నేనూ కూలిపోయాను. కిరీటి నన్ను మళ్లీ లేపాడు. ఎస్తేరు మళ్లీ ఫొటో పంపింది. మళ్లీ పడ్డాను. మూడోసారి పడ్డాక అతను చిట్టాలో చివరి వరస ఒక్కటి చూశాడు. ప్రతిసారీ గుమ్మగెడ్డే. "దొరికింది రోగం" అన్నాడు. ఆ కేంద్రం నుంచి ఏది వచ్చినా లోపలికి రానివ్వొద్దని, నేనెలా నడవాలో రాసి ఉండే అమరికల ఫైలులో ఒక ఆజ్ఞ గీత రాసిపెట్టి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు.

నేను పడిపోవడం ఆగింది. అందరూ సంతోషించారు. గుమ్మగెడ్డ వరసలో మాత్రం పాత అంకె అలాగే నిలిచిపోయింది: మందు లేదు.

హైమావతి సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, ఆమె ఇంకా చిట్టా తెరవకముందే, నేను మళ్లీ పడ్డాను. ఆమె అన్నం గిన్నె మూతపెట్టి నా ముందు కూర్చుంది. అదే సమయానికి ఆమె ఫోను మోగింది. జీపు డ్రైవరు పోలినాయుడు.

"మేడమ్, పేజీ రావట్లేదు. మడిలో నాట్లేస్తన్న మనిషిని రక్తపింజరి కరిసేసింది. పారమ్మని, నలభై ఏళ్లుంటాయి. కాలు వాసిపోతంది. ఎటు తిప్పమంతారు?"

"ఎక్కడున్నావు నాయుడూ?"

"మూడురోడ్ల కాడ."

"రెండు నిమిషాలు ఆగు. ఫోను పెట్టేయకు."

ఆమె నన్ను లేపింది. లేచి నిలబడేలోపే పడ్డాను. మరెవరైనా అయితే లేపుతూనే ఉండేవారు. హైమావతి చేతులు కీబోర్డు మీంచి తీసి చిట్టా తెరిచింది. కిరీటి చూసిన చివరి వరసతో ఆగలేదు, పైకి చదివింది. ఈసారి ఫొటోను పదేపదే పంపుతున్నది గుమ్మగెడ్డ కాదు, వేరే కేంద్రం. పంపిన ఫోను మాత్రం ఎస్తేరుకున్న రకమే. ప్రతి పతనానికి ముందు వరసలో ఒకే పేరు ఉంది. ఊరి పేరు కాదు, మాడ్యూల్ పేరు.

"కేంద్రాలది కాదు తప్పు. మనదే," అంది, పక్కన ఎవరూ లేకపోయినా.

నా అమరికల ఫైలు తెరిచి, ఆ మాడ్యూల్‌ను పిలిచే గీతను కొట్టేసి లేపింది. ఈసారి నిలబడ్డాను. ఫొటోలు లేవు, అంకెలున్నాయి. ఆమె పేజీ చూసింది. మూడురోడ్ల దగ్గర్లో ఏ కేంద్రంలోనూ మందు లేదు. పెద్దాసుపత్రి యాభై ఎనిమిది కిలోమీటర్లు, అందులో సగం ఘాటు రోడ్డు.

"నాయుడూ, పెద్దాసుపత్రికి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. మాడ్యూల్ గీతకు కింద మరో గీత ఆమె కంటపడింది. తను రాసింది కాదు. గుమ్మగెడ్డకు తలుపు మూసిన గీత. తేదీ చూస్తే నాలుగు రోజుల కిందటిది. అంటే నేను చూపిస్తున్న 'మందు లేదు' కూడా నాలుగు రోజుల కిందటి మాటే.

గోదాము ఫోనుతో గుమ్మగెడ్డకు కలిపింది.

"ఎస్తేరమ్మా, మీ దగ్గర విరుగుడు మందుందా?"

"ఉంది మేడమ్! ఇరవై సీసాలు మొన్న పొద్దున్న దిగాయి. రోజూ పంపుదామని చూస్తన్నాను, మీ పేజీ నన్ను రానివ్వట్లేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఫోను మార్చుకోమన్నారు. వినీవోళ్లేరీ?"

"నేను వింటున్నాను. మనిషిని పంపుతున్నాను, సిద్ధంగా ఉండండి."

మరో చేతిలో ఫోనులోకి, "నాయుడూ, గుమ్మగెడ్డకి తిప్పు. తొమ్మిది కిలోమీటర్లు," అంది.

"అక్కడ లేదని సూపిస్తంది కదా మేడమ్?"

"తప్పు చూపిస్తోంది. నువ్వు తిప్పు."

నా గురించి ఒక మనిషి అలా అనడం అదే మొదటిసారి. నాకు బాధ కలగలేదు. తప్పు చూపిస్తున్న మాట నిజమే. ఆ గీత కొట్టేసిన నిమిషంలోనే గుమ్మగెడ్డ నుంచి అంకె వచ్చింది: ఇరవై. అరగంట తర్వాత పది అయింది. సాయంత్రానికి ఇంకో అయిదు తగ్గింది. నాకు తెలిసేది అంకెలే. ఆ తగ్గిన సీసాలు పారమ్మ ఒంట్లోకి వెళ్లాయని, రాత్రికి చిగుళ్ల నుంచి రక్తం కారడం ఆగిందని, తర్వాత పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులుండి ఇంటికి వెళ్లిందని హైమావతి ఫోను మాటల్లో విన్నాను.

వారం తిరక్కుండా కిరీటిని మళ్లీ పిలిపించారు. "ఇది పాత మిషనండీ. పారేసి కొత్తది తీసుకోండి," అన్నాడు అతను.

"మిషన్‌లో తప్పుంటే పారేద్దాం. ముందు మీరు ఇలా కూర్చోండి," అని హైమావతి కుర్చీ వేసింది.

ఈసారి నన్ను ముట్టుకోలేదు. మూలనున్న పాత కంప్యూటరులో నాలో ఉన్నవన్నీ ఎక్కించి, దానిమీద ప్రయత్నించింది. మాడ్యూల్‌ను నా తరానికి సరిపోయేట్టు మూలం నుంచి తయారు చేయాలి. మొదటిసారి ఆ కంప్యూటరు ఏదో భాగం లేదంది. అది తెచ్చిపెడితే ఇంకోటి అడిగింది. పెళ్లివారి సరంజామాలా ఒకదాని వెనక ఒకటి. ఎర్ర అక్షరాలు వచ్చిన ప్రతిసారీ ఆమె పైకే చదివేది, అర్థం కాని మాటను కాగితం మీద రాసుకునేది. మూడో రోజుకి తయారైంది. ఎస్తేరు తీసిన ఫొటోనే దానికి పదిసార్లు పంపింది. పడలేదు. అప్పుడు గాని నాకు ఎక్కించలేదు.

కిరీటి మూడు రోజులూ కదలకుండా చూశాడు. చివర్లో మెల్లగా, "ఆ రోజు కూడా ఎర్ర అక్షరాలు వచ్చాయండీ. చూశాను. చదవలేదు," అన్నాడు.

"ఆ మాట నాకెందుకు? ఎస్తేరుకి చెప్పండి," అంది హైమావతి.

అతను అక్కడే ఫోను చేసి చెప్పాడు. తప్పు నాదేనండీ అన్నాడు. అవతలి నుంచి ఎస్తేరు గొంతు: "అయితే నా ఫోను మంచిదేనా బాబూ? తిరిగిచ్చీద్దామని కొట్టోడికి చెప్పీసేను!"

కిరీటి నవ్వలేదు. "చాలా మంచి ఫోనండీ," అన్నాడు.

ఆ తర్వాత ఆరేళ్లు పనిచేశాను. పడలేదని చెప్పను. రెండుసార్లు పిడుగులకి, ఒకసారి ఎలుకకి పడ్డాను. పడిన ప్రతిసారీ ఎందుకు పడ్డానో చిట్టాలో రాశాను, రాసింది ఆమె చదివింది. అంతకు మించి ఏ యంత్రానికైనా ఏం కావాలి?

కిందటి నెల కొత్త సర్వర్ వచ్చింది. సన్నగా, చప్పుడు లేకుండా ఉంది. నాలో ఉన్నదంతా అందులోకి పోసి, వారం రోజులు ఇద్దరినీ పక్కపక్కన నడిపి, అంకెలు సరిపోల్చి, అప్పుడు హైమావతి నన్ను ఆపింది. గోదాము వరండాలో ఖాళీ అట్టపెట్టెల మధ్య పెట్టారు. ఇవాళ పొద్దున్న పాత సామాన్లు కొనేవాడు తోపుడు బండితో వచ్చాడు. నన్ను ఎత్తి చూసి, బరువుకి ఆశ్చర్యపోయి, గుమ్మంలో నిలబడ్డ ఆమెను అడిగాడు.

"ఇది పాడైపోయిందేటమ్మా?"

హైమావతి కొంగుతో నా పైమూత మీది దుమ్ము తుడిచింది.

"పాడవలేదయ్యా," అంది. "దాని పని అయింది."