పసివాడి ఊపిరిలో బీరువా

జనవరి వచ్చిందంటే సరాయెవో కొండవాలు ఇళ్లలో పొద్దున్నే ముందు పొయ్యి వెలగాలి, ఆ తర్వాతే కాఫీ. జుమ్రెతా కూడా అంతే. ఇనప పొయ్యిలో నిప్పు రాజేసి, రాగి గిన్నెలో కాఫీ పొంగించి, కిటికీ సందుల్లో గుడ్డపీలికలు ఊడిపోలేదు కదా అని తడిమి చూసుకునేది. ఎదురెదురు సందుల్లోంచి ఇంట్లోకి దూసుకొచ్చే గాలిని అక్కడ ప్రొమాయా అంటారు. మెడ పట్టేసినా, చెవిపోటొచ్చినా, పిల్లలకు జ్వరం తగిలినా నింద దాని మీదే.

ఆ పేటలో ఏది కాలిస్తే దాని పొగ ఆ రూపంలోనే ఇంటికప్పు మీద కాసేపు నిలబడుతుంది. ఓక్ కట్టెలు కాలిస్తే బూడిదరంగు చెట్లు లేస్తాయి. పాత టైరు కాలిస్తే చక్రం కప్పుల మీదుగా దొర్లుకుంటూ పోతుంది, వెనకాలే ఇరుగుపొరుగు తిట్లూ వస్తాయి. ఆ ఏడు మాత్రం పొగమంచు లోయ మీద మూతలా దిగి కదల్లేదు. ఎవరి కప్పు మీద ఏముందో ఎవరికీ తెలియలేదు. పైకి పోలేని పొగ సందుల్లోకి దిగి, తలుపుల కిందనుంచి మళ్లీ ఇళ్లలోకే వచ్చేది.

జుమ్రెతా మనవడు వెదాద్‌కు మూడేళ్లు. రెండు వారాలుగా ఒకటే దగ్గు. పడుకోబెడితే ఛాతీలో పిల్లికూతలు.

"పొగ వల్లే అన్నారు డాక్టరు," అంది కోడలు మెర్సిహా. "పసివాళ్లు మనకన్నా గబగబా ఊపిరి పీలుస్తారట అత్తయ్యా. వాళ్ల ఊపిరిగొట్టాలు సన్నం. మనకు గొంతు గరగరలాడించే పొగ వాళ్లకు ఊపిరే ఆడనివ్వదట. ఇంతకీ పొయ్యిలో ఏం వేస్తున్నారు?"

"కట్టెలే. ఇంకేం వేస్తాను? తడితలతో వాణ్ణి కిటికీ పక్కన కూచోబెట్టావు చూడు, అదీ అసలు రోగం."

కట్టెలు ఎప్పుడో అయిపోయాయి. కొడుకు ట్రాము నడపడానికీ కోడలు పనికీ వెళ్లాక, వాకిట్లో పడున్న పాత వంటింటి బీరువాను గొడ్డలితో విడగొట్టి, రంగు పూసిన ఆ చెక్కల్ని కాలుస్తోంది జుమ్రెతా. ఇల్లు వెచ్చగా ఉంటే పిల్లాడికి తగ్గుతుందని ఆమె నమ్మకం. దగ్గు తగ్గకపోతే ఇంకో చెక్క వేసేది.

పైగా కంచె దగ్గర నిలబడి పక్కింటి హసీబ్‌ను దులిపేసేది. "ఏమయ్యా, టైర్లు కాలుస్తున్నావా? నా మనవడు దగ్గలేక చస్తున్నాడు!"

"నాకున్నవి ఆ నాలుగు టైర్లే వదినా. కారు కిందే ఉన్నాయి, కావాలంటే వచ్చి చూసుకో!"

శనివారం మధ్యాహ్నం ఆడుకుంటున్నవాడల్లా వెదాద్ చతికిలబడ్డాడు. పక్కటెముకలు లోపలికి లాక్కుపోతున్నాయి. పెదవులు నీలం. మెర్సిహా డాక్టరిచ్చిన మాస్కు పెట్టి పీల్చే మందు కొట్టింది. వాడు పీల్చలేకపోయాడు. ఆమె కిటికీ వైపు పరుగెత్తింది.

"తెరవకు! ఒళ్లంతా చెమట, ప్రొమాయా కొడుతుంది!" జుమ్రెతా అడ్డం నిలబడింది.

అప్పుడు వెదాద్ దగ్గాడు. నోట్లోంచి సన్నటి పొగ వచ్చి, విచ్చుకుని, గది మధ్యలో ఒక చెక్కతలుపుగా నిలబడింది. మూల విరిగిన తలుపు, గుండ్రటి పిడి.

"అత్తయ్యా," అంది మెర్సిహా. "ఇది మన బీరువాది."

జుమ్రెతా గుడ్డపీలికలు పీకి పారేసి కిటికీ తెరిచింది. వెళ్లి ఎదుటి వీధితలుపు కూడా బార్లా తీసింది. రెంటి మధ్య గాలి రివ్వున కొట్టి పొగతలుపును ఎత్తుకుపోయింది. వాడు మళ్లీ దగ్గాడు. రెండో తలుపు. తర్వాత అరలు, ఒకదాని వెనక ఒకటి.

"లోపల ఇంకా ఎంతుంది?" వాడి వీపు రాస్తూ అడిగింది మెర్సిహా.

"సొరుగు. అదొక్కటే."

సొరుగు రాలేదు. పసివాడి పెదవుల మధ్య దాని పిడి మాత్రం కనిపిస్తోంది. వాడి కళ్లు తేలిపోతున్నాయి. మెర్సిహా పట్టుకుని లాగబోతే వేళ్లలోంచి జారిపోయింది.

"అలా కాదే అమ్మాయ్, జరుగు. అది ఎప్పుడూ ఎడమపక్క పట్టేస్తుంది."

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ తీసిన సొరుగు. జుమ్రెతా రెండు వేళ్లతో పిడి పట్టుకుని, కాస్త పైకెత్తి, కుడివైపుకు నెట్టి, మెల్లగా లాగింది. కొంచెం వచ్చి ఆగింది. ఊపిరి బిగబట్టి మళ్లీ ఎత్తింది. వచ్చేసింది.

వెదాద్ కేకపెట్టి ఏడ్చాడు.

"చలికాలంలో మా వదిన కిటికీ తెరిచిందా? ఎవరు పోయారు?" అంటూ వచ్చిన హసీబ్, పిల్లాణ్ణి చూసి నవ్వు ఆపేశాడు. "కారు తీస్తాను. ఆస్పత్రికి పదండి."

బిడ్డను కోటులో చుడుతూ మెర్సిహా అడిగింది. "అంతేనా అత్తయ్యా? ఇంకేమైనా కాల్చారా?"

లేదన్న మాట జుమ్రెతా నాలుక చివరిదాకా వచ్చింది. వాడి పెదవుల వైపు చూసింది.

"మీ మామగారి బూట్లు. నిన్న."

"ఒకటా?"

"రెండూ."

చెప్పేసి, బకెట్టు నీళ్లు తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది.

బూట్లు కారులోనే, దగ్గుతో బయటికి వచ్చాయి. కుడిది వీధి మలుపులో. ఎడమది బయటపడేసరికి కారు కొండెక్కి పొగమంచు దాటింది, ఎండ కొట్టింది. జుమ్రెతా మెడకు చుట్టుకున్న ఉన్నిగుడ్డ విప్పి మనవడికి కప్పి, తన వైపు కిటికీ అద్దం పూర్తిగా దించేసింది.