బురద వదలని కిల్టు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఆకులు రాలే రోజుల్లో, ముర్డో గిలాండర్స్ మా మిల్లులో పనికి చేరాడు. ఉత్తరాన దీవుల నుంచి వచ్చినవాడు. మా ఊరు సెల్కిర్క్‌లో అతనికి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మాతోపాటు మగ్గం మీద పనిచేసే బీనీ అత్త ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. నేనేమో వాళ్ళు నేసిన బట్టలో తెగిన పోగులు వెతికి రఫూ చేసేదాన్ని. నా బల్ల దగ్గర కూర్చుంటే మగ్గాల సాల ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించేది.

మొదటి రోజు అతను కిల్టు కట్టుకుని వచ్చాడు. పట్టాళంలో కట్టిన, లంగాలా మోకాళ్ళ దాకా ఉండే ముదురాకుపచ్చ గళ్ళ కిల్టే. మా ఊళ్ళో మగవాళ్ళు పెళ్ళికో పండక్కో తప్ప కిల్టు కట్టరు. ఇక ఆడవాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా?

"ఏం అబ్బాయ్, ఈ గాలికి జలుబు చెయ్యదూ?" అంది ఒకామె.

"జలుబు చేసేది ముక్కుకమ్మా, మోకాళ్ళకి కాదు," అన్నాడు ముర్డో.

సాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆగకముందే పైన ఆఫీసు తలుపు తెరుచుకుంది. మేనేజర్ రిడెల్ గారు రెండు మెట్లు దిగి అక్కడే నిలబడిపోయారు. ఆయన చూపు ముర్డో ముఖం మీద లేదు, కిల్టు మీద ఉంది. ఆయన పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"వాణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారు?"

"కొత్తగా చేరినవాడండీ," అన్నాడు మేస్త్రి.

"ఆ బట్టతో నా గేటు దాటకూడదు. బయటికి పంపెయ్."

బీనీ అత్తకి నోరు ఆగదు. "అదేంటయ్యగారూ, మనం నేస్తున్నదీ అదే బట్టేగా!" అంది.

నిజమే. పట్టాళం వాళ్ళకి ఇంకా పంపాల్సిన బట్ట అది. ఆ వరసలో మగ్గాలన్నిటి మీదా అదే ఆకుపచ్చ. రిడెల్ గారు ఆ మగ్గాలని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయారు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

మేస్త్రి ముర్డోని పక్కకి పిలిచాడు. "కిల్టు అంచు మగ్గం తిప్పే బెల్టులో చిక్కుకుంటుందిరా. ప్రమాదం. అందుకే వద్దన్నారు."

"మరి మా లంగాలు చిక్కుకోవా?" అంది బీనీ అత్త.

మర్నాటి నుంచి ముర్డో, బీనీ అత్త చనిపోయిన మొగుడి పాత ప్యాంటు తొడుక్కుని వచ్చేవాడు. వారం తిరక్కముందే అతను కుంటడం చూశాను. ప్యాంటు మీద తొడ దగ్గర నల్లటి మరక ఉంది. యుద్ధంలో గుండు ముక్కలు తగిలిన గాయం ఇంకా పూర్తిగా మానలేదట. ముతక ఉన్ని రాసుకుని రోజూ పచ్చిపుండవుతోంది.

"మేస్త్రికి చెప్పొచ్చుగా," అన్నాను.

"చెబితే ఏమవుతుంది? పనికిరానివాడివి పొమ్మంటారు. ఊరుకో టిబ్బీ."

ఊరుకోలేక నేనే చెప్పాను. మేస్త్రి మంచివాడు. ముర్డోని వెనక కాలువ గట్టున ఉన్ని కడిగే షెడ్డుకి మార్చాడు. గేటు దాటేటప్పుడు ప్యాంటుతోనే రమ్మని, షెడ్డులోకి వెళ్ళాక కిల్టు కట్టుకోమని చెప్పాడు. రిడెల్ గారు ఏళ్ళ తరబడి ఆ వైపు వెళ్ళింది లేదు.

ఆ తర్వాతే ఆయన మిల్లంతా తిరగడం మొదలుపెట్టారు.

అంతకుముందు మెట్లు దిగడమే అరుదైన మనిషి, ఇప్పుడు పొద్దున్నే కిందికి వచ్చి మగ్గాల మధ్య నడిచేవారు. ఆకుపచ్చ బట్ట ఉన్న మగ్గం దగ్గర ఆగి, బట్ట మీద ఏదో అంటుకున్నట్టు వేలితో గీకేవారు. ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, నా కత్తెర తీసుకున్నారు. బీనీ అత్త మగ్గం దగ్గరికి వెళ్ళి, నేస్తున్న బట్టని ఈ అంచు నుంచి ఆ అంచుకి పడుగుతో సహా కోసేశారు. తెగిన పోగులు వెనక్కి చుట్టుకుపోయాయి. కత్తెర తెచ్చి నా ముందు జాగ్రత్తగా పెట్టి, "మురికి," అని మాత్రం అన్నారు.

మేస్త్రి ఆకుపచ్చ మగ్గాలన్నీ ఆపించాడు. ఆడుతున్న మిగతా మగ్గాల చప్పుడు మధ్య ఆ వరస మాత్రం చడీ చప్పుడూ లేకుండా ఉండేది. అటు వైపు నడవడానికి కూడా మాకు బెదురుగా ఉండేది.

వారం రోజులు వాన పడింది. ఎట్రిక్ నది పొంగింది, మిల్లు కాలువ గట్టు దాకా నిండింది. మూటలు తడవకుండా పైకి మొయ్యడానికి మనుషులు చాలక మేస్త్రి ముర్డోని సాలలోకి పిలిపించాడు. అతను ప్యాంటు వేసుకుని, కిల్టు షెడ్డులో మేకుకి తగిలించి వచ్చాడు. పని అయ్యాక తిరిగి వెళ్తే మేకు ఖాళీగా ఉంది.

కాలువ వైపు నుంచి ఎవరో కేక పెట్టారు. అందరం పరుగెత్తాం.

రిడెల్ గారు నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. కోటూ బూట్లూ అన్నీ ఒంటి మీదే ఉన్నాయి. రెండు చేతులతో కిల్టుని గట్టు రాయికేసి రుద్దుతున్నారు. వేళ్ళు కొట్టుకుపోయి నెత్తురు కారుతోంది. ప్రవాహం ఆయన్ని కొద్దికొద్దిగా ఇనుప ఊచల వైపు లాగుతోంది. ఆ ఊచల వెనక మిల్లు చక్రం తిరుగుతోంది.

"చక్రం ఆపండి!" అని అరిచి మేస్త్రి లోపలికి పరుగెత్తాడు.

ముర్డో నీళ్ళలోకి దిగాడు. "సార్, ఇలా ఇవ్వండి. కిల్టు శుభ్రంగానే ఉంది."

"లేదు. బురద వదలడం లేదు." ఆయన తలెత్తి ముర్డోని చూశారు. గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. "ఇంకాస్త ఓర్చుకో నీనియన్. ఇది పోగానే నువ్వు లోపలికి రావచ్చు. ఎవరూ ఏమీ అనరు."

ముర్డో ఇంకో అడుగు ముందుకు వేశాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"సరే నాన్నా. వచ్చేస్తాలే. ముందు నీ చెయ్యి ఇలా ఇవ్వు."

ఆయన చెయ్యి ఇచ్చారు. కిల్టు జారి నీళ్ళలో ఒక్కసారి విచ్చుకుని, ఊచల కిందికి పోయింది. మళ్ళీ ఎవరికీ దొరకలేదు.

వాళ్ళిద్దర్నీ గట్టెక్కించాక బీనీ అత్త నన్ను పక్కకి లాగింది. నీనియన్ సంగతి జరిగేనాటికి నేను మిల్లులో చేరలేదు కాబట్టి నాకు తెలియదు, ఆవిడ మాత్రం కళ్ళారా చూసింది.

"నీనియన్ ఆయన ఒక్కగానొక్క కొడుకే. సెలవు దొరగ్గానే రైలు దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు. కిల్టు నిండా బురద. లండన్ నుంచి వ్యాపారులు వచ్చి ఉన్నారు ఆ రోజు. ఈయన మెట్ల మీద నుంచే, ఆ బురదతో లోపలికి రాకు, ఇంటికెళ్ళి మార్చుకుని రా అన్నారు. పిల్లాడు నవ్వి, సలాం కొట్టి వెళ్ళాడు. ఇంటికెళ్ళేసరికి సెలవు రద్దయిందని తంతి. వేరే కిల్టు కట్టుకుని, వచ్చిన రైలుకే తిరిగి వెళ్ళాడు. అంతే, యుద్ధంలోనే పోయాడు."

రిడెల్ గారు మళ్ళీ మిల్లుకి రాలేదు. కొత్త మేనేజర్ వచ్చాడు. పాత నియమాలు వేటినీ మార్చలేదు, కిల్టుది కూడా.

కొన్నాళ్ళకి రిడెల్ గారి భార్య బీనీ అత్త ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఒళ్ళో కాగితం పొట్లం పెట్టుకుని కూర్చుంది. అందులో ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ కిల్టు ఉంది.

"ఒక్కసారి వచ్చి ఆయన పక్కన కూర్చో బాబూ. ఏమీ తినడం లేదు. వాకిలి వైపే చూస్తున్నారు. ఇది వాడిదే, ఉతికి ఉంచాను. నీకు సరిపోతుంది."

"వెళ్ళకు," అన్నాను నేను, ఆవిడ ముందే.

ముర్డో కిల్టు చేతిలోకి తీసుకున్నాడు. "ఒక్కసారేగా టిబ్బీ. ముసలాయన."

ఆ ఆదివారం వెళ్ళాడు. మరుసటి ఆదివారం కూడా వెళ్ళాడు. తర్వాత పని వదిలాక సాయంత్రాలు కూడా. ఏం జరిగిందని అడిగితే, "సూప్ తాగారు," అనేవాడు, లేకపోతే, "చదివి వినిపించాను," అనేవాడు. రానురాను ఆ మాత్రం కూడా చెప్పడం మానేశాడు. చలి ముదిరేసరికి మిల్లు మానేసి, గది ఖాళీ చేసి, పూర్తిగా ఆ ఇంటికే వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు తన సామాన్లేమీ తీసుకెళ్ళలేదని, కావాల్సినవన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయన్నాడని బీనీ అత్త అంది.

వసంతంలో వంతెన మీద ఎదురుపడ్డాడు. తల్లీకొడుకుల్లా రిడెల్ గారి భార్య అతని మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది. అతను కుంటడం లేదు, మనిషి ఒళ్ళు చేశాడు. జుట్టు ఒక పక్కకి దువ్వి ఉంది. మునుపెప్పుడూ అలా దువ్వేవాడు కాదు.

"ముర్డో!" అని పిలిచాను.

నా పక్క నుంచే వెళ్ళిపోయాడు. వినపడలేదేమోనని ఇంకోసారి గట్టిగా పిలిచాను. తిరగలేదు.

"నీనియన్, ఎవరో పిలుస్తున్నారు నాన్నా," అందావిడ.

అప్పుడు వెంటనే తిరిగాడు. ఊళ్ళో పెద్దింటి పిల్లలు మిల్లు ఆడవాళ్ళకి చేసినట్టు, మర్యాదగా టోపీ అంచు తాకాడు. ఆ కళ్ళల్లో నేనెవరో తెలిసిన జాడ లేదు.